చీరల దడిలో చివరి ముడి

జనగామలో ఉండే చాచా పోయారని మొన్న శుక్రవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. నేనప్పుడు నర్సింహులపేటలో మా ఇంటి వెనక గుర్రానికి గడ్డి వేస్తున్నాను. చేతిలో గడ్డి అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను.

చాచా నాకు చుట్టం కాదు. బతుకంతా పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు నడిపిన మనిషి. నాదీ అదే పని, ఒక్క గుర్రంతో. పోయిన మాఘంలో రేగొండ పెళ్లిలో షామియానా బట్ట గాలికి టపటపా కొట్టుకునేసరికి అది బెదిరి పెళ్లికొడుకును కింద పడేసింది. ఆయనకేం కాలేదు గానీ నన్ను పిలిచేవాళ్లు లేకుండా పోయారు. గుర్రాన్ని అమ్మిపెట్టమని చాచా దగ్గరికి పోయాను.

"అమ్ముడైతే ఎప్పుడైనా అమ్మొచ్చు. జర ఆగు, నేనొచ్చి చూస్త," అన్నారు.

ఆయన వచ్చేలోపు నా తెలివి చూపించుకుందామని, పత్తి చేను చుట్టూ ఉన్న ముళ్లతీగ పీకి తెచ్చి, గుర్రానికి బెదురు మాన్పడానికని నలుచదరంగా దడి కట్టాను. ఆయన బస్సు దిగి వచ్చి, మంచినీళ్లైనా ముట్టకుండా అదంతా తీయించారు.

"ముళ్లతీగకు తోలు చిరిగితే అది మల్ల నిన్ను నమ్మదు బేటా. ఇగ మూల దొరికిందంటే తలకాయ అండ్ల పెట్టి ముడ్డి నీ దిక్కు తిప్పుతది. అప్పుడేం నేర్పుతవు?"

నడుమ మేకు కొట్టి, దానికి తాడు కట్టి, చుట్టూ తిరుగుతూ గుండ్రంగా గీత గీశారు. గీత వెంబడి నీలగిరి కట్టెలు పాతి, అడ్డంగా వెదురు కట్టాం. కింద వాగు ఇసుక, మిల్లు ఊక పోశాం. గోడ మాత్రం చీరలు. అడవిపందులు రాకుండా మా దగ్గర చేల చుట్టూ పాత చీరలు కడతారు. అవే చాలన్నారు.

"నాకు ఒక్క చీర తేవు గని, నీ గుర్రానికైతే ఇరవై కావాల్నా?" అంటూనే మా ఇంటామె పెట్టె తెరిచింది. ఇచ్చినవి మాత్రం మంచివే.

మొదట చీరలు గాలికి కదలకుండా గుంజి కట్టించారు. తర్వాత వారం వారం వచ్చి, గాలికి ఆడేలా ఒక్కో చీర కింది ముడి విప్పేవారు. ఒక్కటే, ఎక్కువ కాదు. దడి నడుమ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. గుర్రం తనంతట తాను ఆయన వైపు తిరిగితేనే "ఆజా బేటీ" అని పిలిచేవారు. అది నీళ్లు తాగేదాకా ఆయన చాయ్ ముట్టేవారు కాదు.

నాకు తొందరెక్కువ. ఒకసారి ఆయన లేనప్పుడు ఐదు ముడులు విప్పేశాను. గుర్రం బెదిరి కట్టె విరిచింది. చాచా వచ్చి ఐదూ మళ్లీ కట్టారు.

"దీనికి నేర్పుడు అల్కనే. నీకు నేర్పుడే నాతోని ఐతలేదు," అన్నారు. నవ్వాను గానీ సిగ్గేసింది.

పోయిన వారానికి ఒక్క ముడి మిగిలింది, గేటు పక్కన ఎర్ర చీరది. రేగొండ నుంచే మళ్లీ ఒక పెళ్లికి పిలుపొచ్చింది.

"ఆదివారం నేనొచ్చి ఇప్పుత, నువ్వు ముట్టకు. గుర్రం బెదరక నిలబడితె రేగొండకు పోదాం. లేకుంటె నువ్వన్నట్టే అమ్ముదాం," అన్నారు.

శుక్రవారం జనగామ పోయి ఆయన మీద మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. గుర్రాన్ని నాకు మిగిల్చింది ఆయనే.

ఆదివారం ఆయన వచ్చే బస్సు వెళ్లిపోయేదాకా ఆగి, ముడి నేనే విప్పాను. చాచా వేసిన ముడి, తొందరగా రాలేదు. గాలికి ఎర్ర చీర లేచి టపటపా కొట్టుకుంది. గుర్రం చెవులు నిక్కించి ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఎప్పటిలాగే దడి నడుమ చాచా నిలబడే చోటు వైపు తిరిగి, కదలకుండా చూస్తూ ఉండిపోయింది.

"నిలబడ్డది చాచా," అంటూ నేనూ అటే తిరిగాను.