ఏడో నంబరు

పక్కింటి పాప పొద్దున్నే అరుగు మీద కూర్చుని పలక మీద బలపం గీస్తూ అంకెలు పైకి చదువుతుంది. ఆ కీచుశబ్దానికి పళ్లు జివ్వుమంటాయి. తడిగుడ్డతో తుడిచినప్పుడు వచ్చే రాతివాసన కిటికీలోంచి నా మంచం దాకా వస్తుంది. అంతవరకూ ఓర్చుకుంటాను. పాప ఆరు దాటి ఏడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా తల దానంతటదే అటు తిరుగుతుంది. ఇన్నేళ్ల తరువాత కూడా. ఇందుకు కారకులు దేవదానం సారు.

తెల్లదొరల కాలంలో, మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, ఆయన మద్రాసులో డ్రిల్లు చదువు చదివి వచ్చి మా పలకల కార్ఖానాలో బాస్కెట్‌బాల్ జట్టును తయారుచేశారు. కార్ఖానా యజమానికి ఆ ఆటంటే పిచ్చి. మేం పొద్దున పలకలు కోసేవాళ్లం, మధ్యాహ్నం నుంచి బంతి ఆడేవాళ్లం. రెండింటికీ కలిపే జీతం. పలకరాతి పొట్టు దిమ్మిసకొట్టి చేసిన ఆటస్థలంలో బంతి ఒకసారి తగిలితే మొహం నిండా బూడిదరంగు దుమ్ము.

మా వైపు వరసలు పెట్టి పిలవకుండా నోరు తెరవం. అదే జట్టుకు చేటయింది. ఓ ఏడాది నంద్యాల పోటీలో బంతి నా చేతిలో ఉండగా "మామా" అని అరిచి విసిరాను. మా జట్టులో ముగ్గురు నాకు మామ వరస. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు, బంతి పోయి టీ అమ్ముకునే ఆయన కెటిలుకు తగిలింది. ఆ మర్నాటి నుంచి సారు వరసలు నిషేధించి, చొక్కాల మీద అంకెలు కుట్టించి, వాటితోనే పిలుచుకోమన్నారు. మా అమ్మకు సొంత తమ్ముడైన యోహాను మామ నాలుగు. నేను ఏడు.

ఏడు ఎవరికైనా ఇవ్వొచ్చు. నాకే ఇచ్చారు. ఆ రోజు నుంచి రాళ్లు మోసే ఆడవాళ్లు కూడా నన్ను చూసి "ఏడు, ఏడు, బాగా ఏడు" అని నవ్వేవాళ్లు. ఎనిమిది ఇమ్మని అడిగాను. "అంకెకేంది, నువ్వు ఆడు" అన్నారాయన.

పోటీలకు నెల ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి, యజమాని ముందూ పనివాళ్ల ముందూ ఆ ఏడాది ఎవరు ఎంతో చెప్పడం సారుకు అలవాటు. అంకెలు కుట్టించాక మొదటిసారి చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇతను మస్తాను, రెండు. రాచర్లలో మేకలెంట ఉరికిన కాళ్లు. ఊపిరుంది, ఒడుపు లేదు. ఆడతా ఆడతా వస్తాది. యోహాను, నాలుగు. తాటిచెట్టు. కింద ఏం జరుగుతాందో తెలీదు గానీ, బంతి అందిస్తే వేస్తాడు." ఆయన నా ముందు ఆగారు. "ఏడు. చేతిలో గురి ఉంది, నోట్లో చుట్టరికముంది. బెంచీ."

"మా అమ్మ తమ్ముణ్ని నాలుగూ అని ఎట్ల పిలిచేది సార్? ఇంటికి పోతే అన్నం పెట్టరు."

"బెంచీ మీద తిందువులే."

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు, అదే నాకు ఎక్కువ మండింది. మొదటి ఐదుగురిలో ఆడాలని అంతకుముందు నెలరోజులూ చీకటితోనే లేచి బంతి వేసినవాణ్ని. నేనూ కొంత దిగివచ్చాను. సాధనలో "నాలుగు మామా" అని పిలిచాను. సారు ఈల ఊది ఆట ఆపేశారు. "నువ్వు మామా అనేలోపల ఎదుటోడు బుట్టలో ఏసి ఇంటికి పోయినాడు." నా స్థానం మస్తానుకు ఖాయమైపోయింది.

నంద్యాలలో నేను తువ్వాలు పట్టుకుని కూర్చున్నాను. ఎదుటి జట్టు తెలివైనది. కాసేపటికే మా అంకెలు పట్టేసింది. ఇక ఒక్క బుట్ట వేస్తే గెలుస్తామనగా బంతి మామ చేతిలో ఉంది. వెనకనుంచి ఎవరో "నాలుగూ, ఇట్ల" అన్నారు. మామ తల తిప్పకుండానే వెనక్కి అందించాడు. అందుకున్నవాడు ఎదుటి జట్టువాడు. వాడు పరుగెత్తి మా బుట్టలోనే వేశాడు.

తిరుగు రైల్లో మామ, "నాలుగూ అంటే ఎవురని తెలుసుకునేది రా? నువ్వుండి మామా అనుంటే నీ గొంతు తెలిసేది" అన్నాడు. సారుకు వినబడాలని నేను, "ఇంకోసారి చెప్పు మామా" అన్నాను. మామ ఇంకోసారి చెప్పాడు. సారు కిటికీలోంచి నల్లమల కొండల్ని చూస్తూ, "గిద్దలూరు వచ్చినట్టుందే" అన్నారు. అంతే. తప్పయిందని ఒక్క మాట లేదు.

మరుసటి ఏడాది మళ్లీ వరసలో నిలబెట్టారు. నా దగ్గరికొచ్చి, "ఏడు. మామ అంటాడు. అననీండి. మొదటి ఐదుగురిలో ఆడతాడు" అని ముందుకు సాగిపోయారు. నాకు కావలసింది దక్కింది, దక్కిన తీరు మాత్రం నచ్చలేదు. పదిమంది ముందు తీసిపారేసినవారు పదిమంది ముందే తప్పు ఒప్పుకోవద్దా? అంకె కూడా మార్చలేదు. తరువాత నేను అదే కార్ఖానాలో మేస్త్రీనయ్యాక పని మొదలయ్యే ముందు ఎవరి లోపం వాళ్ల మొహం మీదే చెప్పేవాణ్ని. ఆయన దగ్గర పట్టుబడిన విద్య అది. నన్నూ ఎవరూ మెచ్చుకోలేదు.

ఆఖరిసారి ఆయన్ని కంభంలో చూశాను. చూపు పోయి మంచాన ఉన్నారు. గడపలో నిలబడి "సార్" అన్నాను.

"ఎవురు, ఏడా?"

"ఏడునే సార్."

"మీ మామ ఎట్లుండాడు?"

నాలుగు అనలేదు. "పోయినాడు సార్, మొన్న వానల్లో."

మంచం దగ్గరికి వెళ్లాను. ఆయన చెయ్యి పట్టె మీద వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏడూ, ఏడవాకు" అన్నారు.

నేను ఏడవలేదు. అప్పుడు గడపలో ఉన్నవాళ్లు వేరేగా చెప్పుకుంటారు, నమ్మకండి. ఆ అంకె ఎందుకిచ్చారో అప్పుడైనా అడిగి ఉండవలసింది, అడగలేదు. ఇప్పుడు పక్కింటి పాప ఆరు తరువాత ఏం వస్తుందో మరిచిపోయి తడుముకుని, చివరికి గట్టిగా "ఏడూ" అంటుంది. కోపంగానే అటు తిరుగుతాను. తిరిగి, "ఆఁ సార్" అంటాను.