కొయ్యరాణికి కోపమొచ్చింది

పాకాల స్టేషన్లో ఉండంగా సాయంత్రం కరెంటు పోయింది. నా ఒళ్ళో దసరా బొమ్మల కొలువుకని తిరుపతిలో కొన్న కొయ్యరాణి. మొగంలో కళే లేదు, మా అత్త ఏమంటాదో అని నా దిగులు.

"మద్రాసులో బొమ్మల సినిమాలు తీస్తానక్కా," అన్నాడు పక్కన కూర్చున్నాయన. "బొమ్మ కాలు రవ్వంత జరిపి ఒక ఫోటో, ఇంకా రవ్వంత జరిపి ఇంకోటి. అన్నీ కలిపితే బొమ్మ నడస్తాది."

"నడిస్తే నడిచింది. కొయ్యమొగం మారదు కదప్పా?"

ఆయన టార్చిలైటు కింద నుంచి వేసినాడు. రాణి కోపంగా చూసింది! లైటు పక్కనుంచి వేసినాడు. ఇప్పుడో ఇంకాసేపటికో ఏడ్చేటట్టుండాది!

"ఇంకోసారి, ఇంకోసారి!" అని అరిచినాను. ఇంతలో రైలొచ్చి ఆయన ఎక్కేసినాడు.

ఆ దసరాకు కొలువులో దీపం ఎప్పట్లా ఎదురుగా కాకుండా రాణికి పక్కగా పెట్టినాను. అత్త వచ్చి చూసి, నాపక్కకు తిరిగి గద్దించింది.

"ఎవురే దీన్ని ఏడిపించింది?"