పాసులో ఉన్న మనిషి

అందరూ అరంగుళం అని పిలిచే ఆ దర్జీ కుట్టిన ఏ చొక్కా తిప్పి చూసినా కుట్టు లోపల అరంగుళం బట్ట మిగిలి ఉంటుంది. "మనిషన్నాక లావవుతాడు, చిక్కుతాడు. మధ్యలో బట్టేం పాపం చేసింది" అంటాడు. అతని మీద వీధిలో ఇంకో హాస్యం కూడా ఉంది. ముప్ఫైనాలుగేళ్ళ కాపురంలో పెళ్ళాన్ని ఒక్కసారైనా పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఇదిగో", "ఏమోయ్", మరీ ప్రేమొస్తే "వింటున్నావా". మొగుడంటే ఆ మాత్రం సిగ్గుండాలని ముసలమ్మలు మెచ్చుకునేవాళ్ళు. అది సిగ్గు కాదని తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం అతను కొట్టుగా వాడుకునే ముందుగదిలో ప్యాంటు నడుం కుట్లు విప్పుతుంటే ఒకావిడ వచ్చి బల్ల మీద బూడిదరంగు కోటు పెట్టింది. జుట్టు సగానికి పైగా నెరిసింది. "చేతులు తగ్గించాలి" అంది. అతను అలవాటుగా కోటు తిప్పాడు. గుండీల వైపు చూసి సుద్దముక్క కింద పెట్టేశాడు. ప్రతి కాజా చివరా మూడు పోగులు మెలేసి వేసిన ముడి. అలా కుట్టే చెయ్యి అతనికి తెలిసినంతలో ఒక్కటే.

"నేనే కుట్టుకున్నాను. ఇంకొకళ్ళ కాజాలు నాకు నచ్చవని నీకు తెలుసుగా."

"నువ్వు..."

"నేనే. దయ్యాన్ని కాదులే, పాదాలు ముందుకే ఉన్నాయి."

యుద్ధం రోజుల్లో ఇద్దరూ సైనికుల దుస్తులు కుట్టే షెడ్డులో పనిచేశారు. అతను మిషను మీద, ఆమె కాజాల దగ్గర. పెళ్ళి కూడా అనుకున్నారు. ఊరు ఖాళీ చెయ్యమన్నప్పుడు వయసులో ఉన్న మగవాణ్ణి ఒంటరిగా నది దాటనివ్వలేదు, పెళ్ళాం పక్కనుంటేనే లారీ ఎక్కాలి. అందుకని పెళ్ళి కాకుండానే మొగుడూ పెళ్ళాలమని చెప్పి ఒకే పాసు రాయించుకున్నారు. పాసుకు ఫోటో ఉండదు. ఆడమనిషికి ఆనవాలేమిటని గుమాస్తా అడిగితే, "కుడి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ" అని ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. ఆ షెడ్డులో ఇస్త్రీపెట్టె ముట్టిన ప్రతి ఆడదానికీ అక్కడే మచ్చ ఉంటుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

లారీ రోజున ఆమె సమయానికి రాలేదు. నడవలేని తండ్రిని తోపుడుబండి మీద తీసుకురావడానికి వెళ్ళింది. రెండు హారన్లయ్యాయి. మూడో హారన్‌కి లారీ కదులుతుంది. పక్కన షెడ్డులో ఇస్త్రీ చేసే పిల్ల నిలబడి ఏడుస్తోంది. దానికి పాసూ లేదు, నా అన్నవాళ్ళూ లేరు. అతను పాసు దాని చేతిలో పెట్టి "మణికట్టు చూపించు, చాలు" అన్నాడు. అవతలి ఒడ్డున పాసులో ఉన్నది ఉన్నట్టు, ఆమె పేరే ఈ పిల్ల పేరుగా రిజిస్టరుకెక్కింది. "మరి ఆ అక్క?" అని పిల్ల అడిగితే, "షెడ్డు మీద బాంబు పడింది, పోయింది" అన్నాడు. బాంబు పడినమాట నిజమే. ఆమె పోయిందని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. విమానాలు చెయ్యలేకపోయిన పని అతని నోరు చేసింది.

ఇప్పుడు ఆ పోయిన మనిషి ఎదురుగా కూర్చుని గోడకు గుచ్చిన కొలతల చీటీలు చూస్తోంది.

"రెండు చలికాలాలు అక్కడే ఉన్నాం. నాన్న అక్కడే పోయాడు. తర్వాత నేను నది దాటొచ్చి పేరు చెప్తే, ఈ మనిషి ఎప్పుడో దాటేసింది, మొగుడితో సహా అన్నారు. నేను దొంగనట. తాత్కాలిక చీటీ ఒకటి పారేశారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం, ఏడాదికోసారి ఆ చీటీ పట్టుకుని వరసలో నిలబడడం. ఇదీ బతుకు."

"నా కోసం వెతకలేదా?"

"వెతకనిస్తేగా. పాత రిజిస్టర్లు జనానికి ఈ ఏడే చూపించారు. అందులో నీ చిరునామా దొరికింది. నెలాఖరుకి తాత్కాలిక చీటీలు రద్దు. నా గది ఆ చీటీ మీదే ఉంది. యుద్ధానికి ముందు నన్నెరిగినవాళ్ళు ఒక్కరొచ్చి సాక్ష్యం చెప్తే శాశ్వత కార్డు ఇస్తారట. మిగిలింది నువ్వే. చూశావా నా అదృష్టం."

సాక్ష్యం చెప్తే లోపలున్న భార్య కార్డు చిత్తుకాగితం. చెప్పకపోతే ఈమె వీధిన పడుతుంది.

"షెడ్డు కూలిందన్నారు. నువ్వు లేవనుకున్నాను."

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. "అనుకుంటావులే" అంది.

గుమ్మంలో భార్య మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. గ్లాసు బల్ల మీద పెట్టి ఆవిడ పక్కన చతికిలబడింది.

"అక్కా, నువ్వు పోయావని చెప్పారు."

"ఎవరు?"

భార్య గడ్డంతో మొగుణ్ణి చూపించింది.

"నువ్వు ఇస్త్రీ పిల్లవి కదూ? నా కాళ్ళ మీద నిప్పులు పోసేదానివి."

"ఒక్కసారే పోశాను."

"రెండుసార్లు."

ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగిపోయింది. అతను విప్పేసిన నడుం పట్టీనే మళ్ళీ విప్పుతున్నాడు.

"రేపు పొద్దున వెళ్దాం. నేనూ వస్తాను" అంది భార్య.

"మరి నీ కార్డు..."

"నాదెక్కడిదండీ?"

మర్నాడు కార్డుల ఆఫీసులో కళ్ళజోడు గుమాస్తా పాత రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. అతన్ని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆడవాళ్ళిద్దరూ వెనక బల్ల మీద.

"ఈవిణ్ణి యుద్ధానికి ముందే ఎరుగుదునంటున్నారు, బాగుంది. ఆ రోజు మీరు ఈవిడతోనే నది దాటినట్టు ఇక్కడుంది మరి."

"అప్పుడు దాటింది ఈమె కాదు. నా భార్య."

"ఇప్పుడంటారు సరే. ఇద్దరిలో అసలు మనిషి ఎవరో నేనెలా రాసేది? లారీ బయల్దేరాక ఈవిడ ఇంకా అవతలే ఉండగా చూసినవాళ్ళుండాలి. ఉన్నారా ఎవరన్నా?"

ఉన్నారు. ఒక్కడున్నాడు. లేరని ఒక్క మాట అంటే భార్య కార్డు బతుకుతుంది, తన గుట్టూ దక్కుతుంది. "ఏం చేస్తాం, చట్టం అలా ఉంది" అని ముగ్గురూ ఇంటికి పోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేను చూశాను" అన్నాడు.

"ఎక్కడ?"

"లారీలోంచే. కదిలిన కాసేపటికి. వీధి మలుపులో తోపుడుబండి కనిపించింది, దాని మీద వాళ్ళ నాన్న. ఈమె తోసుకుంటూ పరిగెత్తుతోంది. నన్ను చూసి చెయ్యెత్తింది. లారీ మెల్లగానే పోతోంది. చెక్క మీద రెండు దెబ్బలు కొడితే డ్రైవరు ఆపేవాడు. ఆపితే పాసు సంగతి బయటపడి నన్ను దించేస్తారు. అందుకని... లారీ పరదా దించేశాను."

గుమాస్తా కలం ఆగింది.

"చలిగాలి కొడుతోందని దించానన్నారు" అంది భార్య వెనకనుంచి. "నా కోసమేననుకుని మీకు దణ్ణం పెట్టాను."

అతను వెనక్కి తిరగలేదు.

"రాసుకోండి" అంది కోటు ఆవిడ గుమాస్తాతో. "పరదా సంగతి కూడా రాసుకోండి."

రాశాడు. అతను సంతకం పెట్టాడు. గుమాస్తా భార్య వైపు తిరిగి, ఇక ఆమెకు కార్డు లేనట్టేననీ, సొంత పేరుతో కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలనీ, యుద్ధానికి ముందు ఎరిగిన సాక్షి ఆమెకూ కావాలనీ చెప్పాడు.

"నేనున్నాగా" అన్నాడు అతను, కలం ఇంకా చేతిలోనే ఉంది.

భార్య ఆ కలం అతని వేళ్ళ మధ్యనుంచి తీసుకుంది. గుమాస్తా ఇచ్చిన దరఖాస్తు కాగితంతో కలిపి వెనక బల్ల మీద పెట్టింది. "అక్కా, నాకు నువ్వు సంతకం పెడతావా?"

"పెడతాను. నిలబడి ఎలా రాస్తావే, కూర్చో."

"మీ పనైపోయింది కదండీ, ఆవిడకి కుర్చీ ఇవ్వండి" అన్నాడు గుమాస్తా.

అతను లేచి గోడ వారగా నిలబడ్డాడు. భార్య కూర్చుని, అతని వైపు చూడకుండా, కుర్చీ ముందుకు జరుపుకుంది.