గుండె గుమ్మం దాకా రివర్సు

మా పెద్ద నర్సమ్మకి గొంతు తగ్గించడం చేతకాదు. క్యాన్సర్ మందులెక్కించడానికి రోగి చేతి నరంలోంచి గుండె గుమ్మం దాకా సన్నటి గొట్టం తోసేది డాక్టర్నైన నేను. తెర మీద గుండె కొట్టుకునే గీత చూసి, గొట్టం కొస ఎందాకా వచ్చిందో చెప్పేది ఆవిడ. కొస గుండెకి దగ్గరయ్యేకొద్దీ ఆ గీతలో చిన్న బుడిపె ఒకటి పొడుగవుతుంది. దాంతోపాటు ఆవిడ గొంతూ లేస్తుంది. "రానీ, రానీ, రానీ... హోల్డాన్!"

వాళ్ల నాన్న లారీ క్లీనరట. ఇది లారీ షెడ్డు కాదమ్మా అని నేనెంత మొత్తుకున్నా చెవిన వేసుకోదు.

మొన్నొక పెద్దాయన వచ్చాడు. వయసంతా లారీ నడిపిన మనిషి. బుద్ధిగానే పడుకున్నాడు గానీ, ఆవిడ "రానీ, రానీ" అనగానే దుప్పటి కింద ఆయన కుడికాలు మేలుకుంది. "హోల్డాన్!" అని ఆవిడ అరవడం, ఆయన బ్రేకు తొక్కడం ఒక్కసారే జరిగాయి. కాళ్ల దగ్గరున్న ఖాళీ ట్రే ఎగిరొచ్చి నా పాదం మీద పడింది.

"మీరు డ్రైవరు కాదు, బండి! కదలకండి!" అని ఆవిడ కసిరింది.

"బండన్నాక బ్రేకుండదా అమ్మా?"

అదృష్టం బాగుండి గొట్టం జరగలేదు. బుడిపె ఉండాల్సినంత పొడుగే ఉంది. ఆవిడ ఆయన చేతికి పట్టీ గట్టిగా అంటించి, "ఇదిగో, హ్యాండ్‌బ్రేకు కూడా వేశాను" అంది.

పెద్దాయనకి నమ్మకం కుదరలేదు. కుంటుతున్న నావైపు తిరిగి, "ఎందుకైనా మంచిది, చక్రం కింద ఓ రాయి పెట్టు తమ్ముడూ" అన్నాడు.