ఫారాల మూలన పెన్సిలు అంకెలు

కౌలాలంపూర్‌లో అరబ్బు రోగులు ఎక్కువగా వచ్చే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను రికార్డుల గది బాధ్యుణ్ణి. నా ఉద్యోగపు చివరి సంవత్సరంలో కాగితపు ఫైళ్ళు మానేసి కంప్యూటర్లు పెట్టాలని యాజమాన్యం నిశ్చయించింది. ఆ మార్పుకు సిబ్బంది ఎంతవరకు సిద్ధంగా ఉన్నారో కొలవడానికి జోర్డాన్ నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని అరబ్బీలో ప్రశ్నావళి తయారుచేసింది. అరబ్బీ మాట్లాడే నర్సులు, దుబాసీలు, సహాయకులు కలిపి మాకు ముప్పై ఒక్క మంది ఉండేవారు.

వాళ్ళు సిద్ధమేనని తేలితే శిక్షణ లేకుండానే వచ్చే నెల ఫైళ్ళు మూసేస్తామని మేనేజరు ముందే ప్రకటించాడు. ఫలితం ముందే కోరుకుని కొలవడం కొలత కాదు. అలవాటు లేని చేతులు కంప్యూటర్లో మందు మోతాదు తప్పుగా ఎక్కిస్తే ఆ తప్పును భరించేది రోగి. అందుకే ఆ జవాబులు నిజమైనవి కావాలని పట్టుపట్టాను.

ఫారాలు పంచే పని నాకే వచ్చింది. పేరు రాయనక్కరలేదని ప్రతి ఫారం పైనా అచ్చయి ఉంది. కానీ లెక్క లేకుండా ఒక్క కాగితాన్నీ నేను చేయి దాటనివ్వను. ఒక్కొక్కదాని మూల పెన్సిలుతో అంకె వేసి, డ్యూటీ పట్టిక వరసలో పంచి, ఏ అంకె ఎవరికిచ్చానో నా పుస్తకంలో రాసుకున్నాను.

మూడో రోజుకు అన్నీ తిరిగి వచ్చాయి. కంప్యూటర్లకు సిద్ధమేనన్న ప్రతి వాక్యం ఎదుటా, అన్నింటిలోనూ టిక్కు ఒకే గడిలో ఉంది: పూర్తిగా అంగీకరిస్తున్నాను. నాకు ఒళ్ళు మండింది. క్యాంటీన్లో, బంటింగ్ ఊరి నుంచి వచ్చే, మాట చివర మలేసియా వాళ్ళలా 'లా' తగిలించే మన తెలుగు నర్సు దగ్గర వాళ్ళ అబద్ధాన్ని తిట్టిపోశాను.

"ఏటి పెదనాన్నా, కోపం ఆళ్ళ మీదా?" అంది ఆమె తేతారిక్ పాలటీ ఊదుకుంటూ. "అంకెలేసినోరు మీరే గదా! ఏడో నంబరు ఎవులిదో వార్డంతటికీ తెలుసు లా."

"ఫారం పోతే వెతకడానికి వేశాను."

"అది మీకు తెలుసు. ఆళ్ళకేటి తెలుసు? వీసా కాయితం మేనేజరు సేతిలో ఉన్నోళ్ళు నాకు రాదని రాస్తారా? పెన్సిలుంటే నా నుదుటి మీదా నంబరేసేత్తారు మీరు!"

పక్క బల్లవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వెంటనే వెళ్ళి ఆ విద్యార్థినికి చెప్పాను. ఆమె ఒక ఫారం తీసి మూలనున్న అంకె చూపిస్తూ, "అంకుల్, ఇది మీ దేశపు పద్ధతేమో అనుకున్నాను. పెద్దవారిని అడగడానికి మొహమాటపడ్డాను," అంది.

మళ్ళీ పంచాము. ఈసారి అంకెలు లేవు. నమాజు గది బయట తాళం వేసిన పెట్టె పెట్టి, ఆ వైపు వెళ్ళకుండా నన్ను నేను ఆపుకున్నాను. ఇరవై ఏడు ఫారాలు వచ్చాయి. చాలా మంది సిద్ధంగా లేమన్నారు. ఒకరు అంచున రాసిన అరబ్బీ వాక్యాన్ని ఆమె చదివి చెప్పింది: ముందు నేర్పండి, తర్వాత అడగండి.

మొదటి ఫారాలు చెల్లవనీ, తప్పు నాదేననీ రాసి, కొత్త ఫలితాలు జతచేసి, సంతకం చేసి మేనేజరుకు ఇచ్చాను. ఆయన చదివి తలెత్తాడు.

"రాని నాలుగూ ఎవరివి?"

"తెలియదు."

"మీకు తెలియకపోవడమేమిటి?"

"తెలుసుకునే వీలు లేకుండా చేశాను."

ఆయన నా కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టాడు. తర్వాత బల్ల మీది క్యాలెండరు దగ్గరికి లాక్కుని ఫైళ్ళు మూసే తేదీని కొట్టేశాడు. శిక్షణ పూర్తయ్యేవరకు కొత్త తేదీ వేయలేదు.