ఆరుబయట వదిలిన దిమ్మెలు

మా సార్ పోయారు. జెర్సీ సిటీలో ట్రైన్ ఎక్కుతుంటే పాత స్టూడెంట్ల వాట్సాప్ గ్రూప్‌లో చూశాను. గుండెపోటట. కింద వరసగా దండం బొమ్మలు. ఆయన బతికుండగా వీళ్లలో ఒక్కరైనా ఆయన ఫోన్ ఎత్తి ఉంటే బాగుండేది.

ఆయన ప్రొఫెసర్ కాదు. మా యూనివర్సిటీ కాంక్రీట్ ల్యాబ్‌లో రీసెర్చ్ సైంటిస్ట్. పని ఈయనది, పేరు ప్రొఫెసర్‌ది. సిమెంట్ తగ్గించి బొగ్గు బూడిద కలిపి, ఈ చలిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరని కాంక్రీట్ చేయాలన్నది ఆయన పంతం.

మేమంతా దిమ్మెలు పోసి, నెల రోజులు నీళ్లలో నానబెట్టి, ఎంత బలంగా ఉన్నాయో చూడ్డానికి మెషిన్‌లో పగలగొట్టి పేపర్ రాసేసేవాళ్లం. ఆయన మాత్రం కొన్నిటిని ల్యాబ్ వెనక ఆరుబయట వదిలేసేవారు. తేడా తెలియడానికి పక్కనే మామూలు కాంక్రీట్ దిమ్మెలు. మంచు పడగానే మంకీ క్యాప్ పెట్టుకుని, బకెట్‌తో వెళ్లి, రోడ్ల మీద చల్లే ఉప్పే వాటి మీదా చల్లేవారు. కిటికీలోంచి చూసి అందరూ నవ్వేవాళ్లు.

"లోపల ఫ్రీజర్ ఉంది కదా సార్, టెస్ట్ ఫాస్ట్‌గా అయిపోతుంది" అన్నానొకసారి.

"ఫ్రీజర్‌కి తొందరెక్కువమ్మా. స్కూల్ బస్సులు తిరిగే బ్రిడ్జి ఉండేది బయట కదా."

రిజల్ట్ బాగా వచ్చిందని ఎగిరితే ఒకటే మాట: "పోసినరోజు అన్ని దిమ్మెలూ మంచివే."

మొన్న ఫోన్ చేశారు. "ఇన్నేళ్లు బయటున్న దిమ్మెల్ని ఈ సమ్మర్‌లో మెషిన్ ఎక్కిస్తున్నా. నువ్వు పోసినవీ ఉన్నాయి, తప్పకుండా రా." పెళ్లికి పిలిచినంత సంబరంగా చెప్పారు. సమ్మర్ ఇంకా రానే లేదు.

ఫ్యూనరల్‌లో ప్రొఫెసర్ మాట్లాడాడు. ఇన్నేళ్లు పక్క గదిలో పనిచేసిన మనిషి పేరు తప్పు పలికాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వారం తిరక్కుండా సార్ సామాన్లు తెచ్చుకోవడానికి సార్ వాళ్లావిడ, ఆంటీతో కలిసి ల్యాబ్‌కి వెళ్లాను. వెనక ట్రక్ ఆగి ఉంది. పార్కింగ్ కోసం స్థలం ఖాళీ చేస్తున్నారట. ఒక్కరోజు ఆగండి, నేనే టెస్ట్ చేస్తానని ప్రొఫెసర్‌ని బతిమాలాను. ఫండింగ్ అయిపోయిందన్నాడు. బయటివాళ్లు మెషిన్ ముట్టుకుంటే ఇన్సూరెన్స్ ఒప్పుకోదన్నాడు.

పనివాళ్లు సమ్మెటలతో మొదలుపెట్టారు. మామూలు దిమ్మెలు ఒక్క దెబ్బకే పొడిపొడిగా రాలాయి. సార్ దిమ్మె మీద ఒకడు కొడితే సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ. చెయ్యి విదిలించుకుని, ఇందులో ఏం కలిపి చచ్చారని అడిగాడు.

ఆంటీ అటే చూస్తూ అడిగింది. "ఇది ఎవరైనా రాసుకుంటున్నారామ్మా?"

"లేదాంటీ."

ప్రొఫెసర్ ఫోన్ చూసుకుంటున్నాడు. పనివాళ్లు విసుక్కుని సమ్మెటలు పక్కన పడేశారు. దిమ్మెల్ని ఒక్కొక్కటే, ఇద్దరేసి పట్టుకుని, పగలకుండానే చెత్త ట్రక్‌లోకి ఎక్కించారు.