పెళ్లికూతురు అప్పజెప్పిన మంచుసముద్రపు సీసా

రండి, ఆ పీట ఇలా దగ్గరికి లాక్కుని కూర్చోండి. ఈ ముచ్చట ఎప్పుడు చెప్పినా నాకు నవ్వాగదు.

రెండు వేల ఇరవై నాలుగు, చైత్ర మాసం. అల్లవరం దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న రొయ్యపిల్లల హ్యాచరీలో నేను ఆల్గే గది చూసుకునేదాన్ని. ఇప్పటికీ అదే పని. ఆల్గే అంటే కంటికి కనపడనంత సన్నటి నాచు. గుడ్డు నుంచి బయటపడ్డ రొయ్యపిల్లకు మొదటి ముద్ద అదే. దాన్ని ఏసీ గదిలో, దీపాల ముందు, గాజుసీసాల్లో ఉప్పునీళ్లు పోసి పెంచుతాం. నేను చదివింది ఐదో తరగతే కానీ పురిటిగది పద్ధతులు తెలుసు. ఆ గదినీ అలాగే చూస్తాను. కాళ్లు కడుక్కోనివాళ్లను ఓనరైనా సరే గడప దాటనివ్వను.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి సీసా క్రాష్ అవుతుంది. నాచు చచ్చి అడుక్కి దిగిపోతుంది, పైన నీళ్లు తేటపడతాయి. అలాంటి సీసా కనపడితే, పక్కవాటికి అంటకముందే క్లోరిన్ తొట్టిలో గుమ్మరించెయ్యాలి. మా దగ్గర దానికి రెండో మాట లేదు.

ఉప్పలగుప్తంలో మా పక్కింటి పిల్ల మాధురి. సముద్రాల మీద పరిశోధన చేస్తోంది. పెళ్లి ఇంకా రెండు రోజులుందనగా, గోరింటాకు చేతులతో ఐసు నింపిన థర్మోకోల్ పెట్టె మోసుకుంటూ హ్యాచరీకి వచ్చేసింది.

“అత్తా, పెళ్లయ్యేదాకా దీన్ని నువ్వే కాపాడాలి.”

“ఏముందే అందులో, నగలా?”

“నగలైతే మా అమ్మే దాచును. ఇది నాచు. ధ్రువాల దగ్గర సముద్రంలో, మంచుగడ్డల అడుగున బతికేది. మా ల్యాబులో చల్లపెట్టె పాడై మిగతా సీసాలన్నీ పోయాయి. మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే నా చదువు మళ్లీ మొదటికొస్తుంది.”

“మీ ఇంట్లో ఫ్రిజ్ లేదా?”

“ఉంది, నిండా మల్లెపూలూ మజ్జిగానూ. పొద్దున్న మా తాతయ్యగారు దీన్ని కషాయమనుకుని మూత తీసేరు. నేను చూడకపోతే తాగేద్దురు.”

“అయ్యో, ఆయనకేమన్నా అయ్యేదేమో!”

“ఆయనకేం కాదు. నా సంగతే చూడు!”

పెట్టె తెరిస్తే సీసాలో పల్చటి టీ రంగు నీళ్లు. మా ఏసీ గదిలో పెడతానన్నాను. “అమ్మో, మీ ఏసీ గది దీనికి రోహిణి కార్తె” అంది. చివరికి హ్యాచరీ మందుల ఫ్రిజ్‌లో, గడ్డకట్టని అరలో చోటిచ్చాం. కరెంటు పోయినా జనరేటర్ ఉంది కదా.

పెళ్లి రోజు పొద్దున్న మా టెక్నీషియన్ సూరిబాబు మందుకోసం ఫ్రిజ్ తీసి గట్టిగా కేకేశాడు.

“లక్ష్మిగారూ! మీ పెళ్లివారి సీసా క్రాషైపోయిందండీ!”

వెళ్లి చూద్దును కదా, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున గోధుమరంగు మడ్డి. సూరిబాబు అప్పటికే సీసాను క్లోరిన్ తొట్టి గట్టు మీద పెట్టాడు. ఆ వారం తొట్టెల నిండా రొయ్యపిల్లలున్నాయి. ఆ మడ్డి మా సీసాలకు అంటితే ఆ పిల్లల నోటి దగ్గర కూడు పోతుంది. అతని భయం అబద్ధం కాదు. నాకూ అది చచ్చిందనే అనిపించింది. అయినా ఒకరు అప్పజెప్పిన ప్రాణాన్ని వాళ్లకు చెప్పకుండా పారబోస్తామా? సీసాను ఐసు గిన్నెలో దింపి మాధురికి ఫోన్ చేశాను.

వాళ్లమ్మ ఎత్తింది. “పిల్లకి నలుగు పెడుతున్నామండీ వదినగారూ, తర్వాత చెయ్యండి.”

“సీసా గురించమ్మా.”

అంతే. వీడియోలో పసుపు, సున్నిపిండి పూసిన ముఖం ప్రత్యక్షమైంది. ఒక్క కళ్లే తెల్లగా ఉన్నాయి.

“అత్తా, పారబోశావా?”

“లేదమ్మా. కానీ అంతా అడుక్కి దిగిపోయింది.”

“దిగుతుంది! చీకట్లో పెట్టేం కదా, కూర్చుండిపోయింది. అక్కడ నెలల తరబడి సూర్యుడే కనపడడు. అలవాటే దానికి. మెల్లగా తిప్పు.”

తిప్పాను. అడుగున మడ్డి పొగలా లేచి, సీసా అంతా మళ్లీ టీ రంగుకు తిరిగింది. నలుగు పెడుతున్న ఆడవాళ్లు అటు చప్పట్లు కొట్టారు. అయినా మాధురి నవ్వలేదు. “మైక్రోస్కోప్‌లో నేను చూసేదాకా నమ్మకం లేదత్తా” అంది.

మర్నాడు అప్పగింతలయ్యాక అత్తవారింటికి వెళ్లాల్సిన కారు మా హ్యాచరీ ముందు ఆగింది. పట్టుచీరలో మాధురి, వెనకాల కొత్తపెళ్లికొడుకు. నేను గడపకు అడ్డం నిలబడ్డాను.

“పూలు తీసెయ్యి. మోచేతుల దాకా కడుక్కో. బాబూ, మీ బుగ్గన చుక్క కూడా తుడుచుకోవాలి.”

“ఆయ్, తుడుచుకుంటానండీ” అన్నాడతను నవ్వుతూ. “తాళి కట్టాక మొదటి మాట నాతో ఏమందో తెలుసాండీ? ‘సీసా వేడెక్కలేదు కదా’ అంది.”

ఫ్రిజ్‌లో చల్లబరిచిన గాజుపలక మీద ఒక్క చుక్క వేసి మాధురి మా మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించింది.

“అత్తా... ఉన్నాయి. రెండుగా చీలుతున్నాయి కూడా!”

నన్ను పట్టుకుని పట్టుచీరతో సహా గిరగిరా తిప్పేసింది. చుక్క వేడెక్కకముందే నేనూ చూశాను. బుల్లి గాజుడబ్బాల్లో తేనె పోసి వరసగా అతికించినట్టున్నాయి. ఒకటి నడుమ అడ్డుగీత పడి రెండయ్యే ప్రయత్నంలో ఉంది. సూరిబాబు కూడా చూసి, “మనవైతే ఈపాటికి మనవల్ని ఎత్తేవి. ఇవి మహా నిదానమండీ బాబూ” అన్నాడు.

ఆ రోజు నుంచి మా పనిలో ఒక అలవాటు వచ్చింది. సీసా తేటపడితే తొట్టి దగ్గరికి తీసుకెళ్లేముందు ఒక్కసారి తిప్పి, ఒక్క చుక్క చూస్తాం. చాలాసార్లు చచ్చే ఉంటుంది. ఒక్కోసారి బతికే ఉంటుంది. ఆ ఒక్కసారి కోసం చూడాలని ఆ పిల్ల నేర్పింది.

మీ పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ నిండుగా ఉడకాలి. మీ ఇంట్లో నిదానంగా ఎదిగేవాళ్లకు తొందరపెట్టని పెద్దలు దొరకాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.